ఉన్న మనిషి లేడు

ఎవరి మాటైనా ఒక్కసారికే నమ్మడం నాకు చేతకాదు. ఇది పుట్టుకతో వచ్చిందో, ఉద్యోగంతో వచ్చిందో చెప్పలేను. హన్మకొండలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని ఒట్టేసినవాళ్ళ రక్తం పరీక్ష చేస్తే, దారిలో ఇడ్లీ బండి దగ్గర ఆగి వచ్చారని తెలిసిపోతుంది. తాగడం మానేశానని భార్య ముందు దర్జాగా చెప్పిన మనిషి రిపోర్టు ఇంకో మాట చెబుతుంది. ఇక సాయంత్రం ఇంటికొస్తే మాది వ్యాపారస్థుల ఇల్లు. అక్కడ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మా బాపుకు వరంగల్ పాత బజారులో గోనె సంచుల దుకాణం ఉంది. ముందు దుకాణం, వెనక ఇల్లు. మధ్యలో ఒక చీకటి నడవ. దుకాణంలో కొత్తగా కూర్చున్న ఎవరికైనా బాపు మొదట నేర్పేది సంచి ధర కాదు, ఒక జవాబు. చంకలో బ్యాగు పెట్టుకుని, ఏమీ కొనకుండా, "ఫలానా మనిషి ఉన్నడా?" అని ఎవడైనా అడిగితే చాలు, ఎదురుగా ఉన్న మనిషి కూడా లేనట్టే లెక్క. "లేడు సార్, నర్సంపేట పోయిండు. ఎప్పుడత్తడో తెల్వది. నేను గుమస్తను." వచ్చినవాడు పన్నుల ఆఫీసరా, కరెంటు ఆఫీసు మనిషా, చందాల వాడా అన్నది తర్వాత సంగతి. గుమస్తా అంటే ఏ కాగితం మీదా సంతకం పెట్టాల్సిన పని లేదు, దేనికీ పూచీ లేదు. "పని ఉన్నోడైతే మల్ల అత్తడు. లేనోడు అటే పోతడు" అంటాడు బాపు. మా తమ్ముడూ నేనూ ఎక్కాల కంటే ముందు నేర్చుకున్నది ఇదే.

బజారంతటికీ ఇదే చదువు. మా ఎదురుగా తాళ్ళ దుకాణం పెద్దాయన ఉంటాడు. మేమంతా ఆయన్ను కాకా అంటాం. అలా బ్యాగు పెట్టుకున్న మనిషి బజారు మలుపులో కనబడగానే ఆయన తన స్టూలును మెట్ల మీద బోర్లా పెడతాడు. అది చూడగానే వరసగా సేట్లంతా బస్తాల వెనక్కి, అటకల మీదికి, పెరట్లోకి మాయమైపోతారు. కౌంటర్ల దగ్గర గుమస్తాలే మిగులుతారు.

ఇలాంటి బజారులోకి నేను శ్రీలంక నుంచి మొగుణ్ణి తెచ్చుకున్నాను.

మస్కట్‌లో ఒకే ఆస్పత్రిలో పనిచేశాం. నేను ల్యాబులో, అతను మందుల స్టోరులో. ఇద్దరి కాంట్రాక్టులూ అయిపోయాక ఇక్కడికొచ్చి పెళ్ళి చేసుకున్నాం, రిజిస్టరు చేయించుకున్నాం. బాపు పెళ్ళికి వచ్చాడు, అక్షింతలు వేశాడు, ఎవరితోనూ గొడవ పడలేదు. కాని అల్లుడు అనే మాట మాత్రం ఆయన నోటినుంచి రాలేదు. "ఇగో, గా కట్ట ఇటు దించు" అంటాడు. "ఆయనకు జర అన్నం పెట్టు బిడ్డా" అంటాడు. నా భర్త దుకాణంలో కూర్చుంటానంటే సరేనన్నాడు. మొదటి రోజే ఆ జవాబు నేర్పించాడు, గుమస్తానని చెప్పుకోవాలన్న ముక్కతో సహా. అది పన్నుల వాళ్ళ కోసం నేర్పాడా, లేక బజారు వాళ్ళ కోసమా అన్న అనుమానం నాకు ఆ రోజే పుట్టింది. బాపును అడగలేదు. అడిగితే చెప్పే ఇల్లు కాదు మాది.

నా భర్తకు భాష పట్టుబడడం చూసి నేనే ఆశ్చర్యపోయాను. వాళ్ళ ఇంట్లో తమిళం మాట్లాడే మనిషి, రైతులతో బేరాలాడుతూ రెండు పంటకాలాల్లోనే నాకంటే పక్కా వరంగల్ మనిషైపోయాడు. నేను ల్యాబులో పదిమందితో మర్యాదగా మాట్లాడి మాట్లాడి నా యాస పోగొట్టుకున్నాను. అతను మాత్రం "గీ సంచి గట్టిది పటేలా, రెండేండ్లు వాడినంక గూడ ఏం గాదు" అని దబ్బనం చేత్తో పట్టుకుని చెబుతుంటే ఎక్కడి మనిషో ఎవరూ చెప్పలేరు. గడ్డం పెరిగింది, కళ్ళద్దాలు వచ్చాయి, జుట్టు నిండా గోనె పీచు.

భారతీయురాలి భర్తగా అతనికి ఇక్కడ ఉండడానికి పర్మిట్ ఉండేది. అది అయిపోయే ముందు మళ్ళీ కొత్తది చేయించుకోవాలి. ఈలోగా అక్కడ వాళ్ళ అమ్మకు పక్షవాతం వచ్చింది. వెళ్ళాడు. ఇవాళ వస్తా, వచ్చే వారం వస్తా అంటూనే అక్కడ ఉండిపోయాడు. పర్మిట్ గడువు దాటిపోయింది. ఆమె కాస్త కోలుకున్నాక, టూరిస్టు వీసా మీద నా ఇంటికి నా మొగుడు చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చాడు. ఆ వీసా ఉండగానే పాత హక్కు తిరిగి తెచ్చుకోవాలి. లేకపోతే దేశం వదిలి వెళ్ళాలి. వెళ్ళాక మళ్ళీ ఎప్పుడు రానిస్తారో ఎవరూ చెప్పలేరు.

విదేశీయుల పర్మిట్లు చూసే పోలీసు ఆఫీసులో ఒక మేడం ఉండేది. మంచి మనిషే, కాని నాకంటే అనుమానం ఎక్కువ. కరెంటు బిల్లు బాపు పేరు మీద, ఇల్లు బాపు పేరు మీద, బ్యాంకు ఖాతాలు ఎవరివి వాళ్ళవి. "మీకు పిల్లలు లేరు. మీరిద్దరు కలిసే ఉంటున్నరని నేనెట్ల అనుకోవాలె? పెండ్లి తర్వాత ఫోటోలు ఏమన్న ఉన్నయా?" అని అడిగింది. మా ఇంట్లో ఫోటోలు దిగే అలవాటు లేదు. అందుకని ఒక ఆదివారం ఇద్దరం ఖిలా వరంగల్ వెళ్ళాం. తోరణం ముందు నిలబడి, రాతి ఏనుగు పక్కన కూర్చుని, ఎవరో కాలేజీ అమ్మాయిని బతిమాలి తీయించుకున్నాం. ఒకే రోజు అనిపించకూడదని అతను చొక్కా మార్చాడు, నేను చున్నీ మార్చాను. మేడం వాటిని కాసేపు చూసి, "చొక్కాలు మారినయి గని వెనుక ఉన్న టూరిస్టులు గాళ్ళే ఉన్నరు కదమ్మా" అంది. సిగ్గుతో నా తల తీసేసినట్టయింది. నిజమైన మొగుణ్ణి పక్కన పెట్టుకుని దొంగ సాక్ష్యం పుట్టించిన దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"సరే, ఎంక్వయిరీకి మనిషి అత్తడు. ఆయన రాసిన దాన్ని బట్టి చూద్దాం" అని ఫైలు మూసింది మేడం.

ఆ రోజు ఇంటికొచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. పోలీసు మనిషి వస్తాడు, ఇంటికి వస్తాడు, ఈ ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చెప్పండి అని దండం పెట్టాను. తమ్ముడు ఆ పూట హన్మకొండ నుంచి వచ్చి ఉన్నాడు, వాడికీ చెప్పాను. ఎదురింటి కాకాకూ చెప్పాను. అందరూ తలలూపారు. బాపు అయితే "గింత చెప్పాల్నా బిడ్డా" అని నొచ్చుకున్నాడు కూడా.

కొన్నాళ్ళకు మేడం పిలిపించింది.

"రిపోర్టు మీకు ఖిలాఫ్‌గ వచ్చిందమ్మా. మా మనిషి మీ దుకాణానికి పోయిండు. ఆయన లేడు, ఊరికి పోయిండు, ఎప్పుడత్తడో తెల్వదని చెప్పిండ్రట. చుట్టుపక్కలోళ్ళను అడిగితే అసొంటి మనిషే తెల్వదన్నరట."

"పొద్దున నాకు టిఫిన్ డబ్బా కట్టిచ్చింది ఆయనే మేడం" అన్నాను.

"నేను కాదంటలేను. రాసింది అది."

"ఎవరు చెప్పారు?"

"పేరు రాయలే. దుకాణంల ఉన్న మనిషి అని రాసిండు."

మళ్ళీ ఎంక్వయిరీ చేయించమని అక్కడే అర్జీ రాసిచ్చాను. మేడం ఒప్పుకుంది. "ఇగ ఇదొక్కసారే. మల్ల గిట్లనే అస్తే నా చేతుల ఏం ఉండది. ఆయన పోవాల్సిందే" అంది.

బయటికొచ్చి స్కూటీ మీద కూర్చున్నాను కాని తాళం తిప్పబుద్ధి కాలేదు. అది మా బజారు జవాబే, పోల్చుకోవడానికి నాకు పెద్ద తెలివి అక్కర్లేదు. కాని అంతగా చెప్పిన తర్వాత కూడా ఆ జవాబు ఎవరు చెప్పారు? పొరపాటున కాదు, తెలిసి చెప్పారు. అతను ఇక్కడ ఉండకూడదని కోరుకునే వాళ్ళెవరో మా ఇంట్లోనే ఉన్నారు. ఆ ఆలోచన వచ్చాక ఇక నేను నేనుగా లేను.

ములుగు రోడ్డు దాటేసరికి మా తమ్ముడి మీద కేసు తయారైపోయింది. నా భర్త దుకాణంలో కూర్చున్నప్పటి నుంచి వాడు పండక్కో, పనుంటేనో తప్ప ఇంటికి రావడం లేదు. వచ్చినా బావతో ముక్తసరిగా మాట్లాడతాడు. బాపు తర్వాత దుకాణం ఎవరిదన్న మాట ఎవరూ అనలేదు కాని, అందరి మనసుల్లో నలుగుతూనే ఉంది. నేరుగా హన్మకొండలో వాడు పెట్టుకున్న ప్లాస్టిక్ సామాన్ల కొట్టుకే వెళ్ళాను. బకెట్ల మధ్యలో నిలబెట్టి అడిగాను.

"నేనెందుకు చెప్త అక్కా?" అన్నాడు. ముఖం ఎర్రబడింది. "బావ పోతే దుకాణం నాకత్తదని అనుకుంటానవా? ఆ గోనె దుమ్ముకు నాకు దమ్ము అత్తదనే గదా నేను ఈడికచ్చింది. నువ్వే ఫికర్ చేసి దవాఖానకు తోల్కపోతివి, యాదిలేదా?"

యాదికి ఉంది. అయినా వాడి ముఖంలో ఏదో దాస్తున్నట్టు కనిపించింది నాకు. వెనక్కి తిరుగుతుంటే వాడు మెల్లగా అన్నాడు. "అందర్ని అడుగుతానవ్ గని, బావను అడిగినవా?"

"ఆయన్ను ఏం అడగాలి?"

"ఏం లేదు. వాళ్ళమ్మ ఆడ మంచంల ఉంది. పోవాలని ఉండి, నీతోని చెప్పలేక... నాకేం తెల్సు. ఉట్టిగనే అన్న."

ఉట్టిగనే అన్న మాట నా చెవిలో జోరీగలా చేరింది.

బాపును అడిగితే "దుకాణం అన్నంక ఎంతో మంది అత్తరు, పోతరు" అన్నాడు. కాకాను అడిగితే, నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి, నా కళ్ళలోకి చూడకుండా తాడు చుట్టుకుంటూ "నాకు తెల్వది బిడ్డా, నేను చూడలే" అన్నాడు. ఆయనకు తెలియకుండా ఆ బజారులోకి పిల్లి కూడా రాదు. ఒళ్ళు మండిపోయింది. వీళ్ళంతా ఒకటై నన్ను ఆడిస్తున్నారనిపించింది. బాపు అన్నం తింటుంటే ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. మజ్జిగ పోయమని ఆయన రెండుసార్లు అడిగితే గాని వినబడలేదు.

నా భర్తకు మాత్రం "రిపోర్టు సరిగ్గా రాలేదట, మళ్ళీ వస్తారట" అని అంతవరకే చెప్పాను. చెబుతూ అతని ముఖం గమనించాను. కంగారు పడతాడనుకున్నాను. "అట్లనా" అన్నాడు. "అయితే పోవాల్నా?" అని అడిగాడు. ఉండాలనుకున్న మనిషి ముందు అడగాల్సింది ఏం జరిగిందని. పోవాల్నా అని అడిగాడు.

అప్పటి నుంచి అతను చేసే ప్రతి పనీ నాకు సాక్ష్యమే. రోజూ సాయంత్రం మిద్దె మీదికెళ్ళి వాళ్ళ అమ్మతో, చెల్లెలితో తమిళంలో మాట్లాడతాడు. ఇన్నాళ్ళూ ఆ మాటలు వినిపిస్తే ఇంట్లో రేడియో పెట్టినట్టు హాయిగా ఉండేది. ఇప్పుడు మెట్ల మీద నిలబడి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, గొంతులో ఏముందో పట్టుకోవాలని చూసేదాన్ని. నవ్వితే నన్ను వదిలించుకుంటున్నందుకు నవ్వాడనుకునేదాన్ని. మెల్లగా మాట్లాడితే కుట్ర అనుకునేదాన్ని. ఒకరోజు బట్టలు మడత పెడుతూ చూస్తే, అటక మీద ఉండాల్సిన అతని సూట్‌కేసు మంచం కింద ఉంది. తెరిచి చూశాను. సగం సర్ది ఉంది. చొక్కాలు, వాళ్ళ అమ్మ ఫోటో, అడుగున మా బజారులో కొన్న దబ్బనం.

అడగొచ్చు. అతను మంచి మనిషి, అడిగితే చెప్పేవాడు. నిజం చెబుతాడన్న భయంతోనే అడగలేదు. మూత వేసి, సూట్‌కేసును ఉన్నచోటికే తోసేశాను. వెళ్ళాలని ఉంటే వెళ్ళమనొచ్చు, తల్లి కదా, నేనేమీ రాక్షసిని కాదు. కాని ఆ మాట నాకు చెప్పకుండా, ఎంక్వయిరీ మనిషి చేత రాయించి, ప్రభుత్వమే పంపిందని చెప్పి వెళ్ళిపోదామనుకున్నాడా? పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు ఎప్పుడూ ఏడుపు రాలేదు. ఆ సాయంత్రం స్నానాల గదిలో నీళ్ళు వదిలి ఏడ్చాను.

రెండోసారి ఎంక్వయిరీకి వస్తున్నట్టు మేడం ఫోన్ చేసి చెప్పింది. నేను సెలవు పెట్టాను. బాపును గద్దె మీద నుంచి కదలొద్దన్నాను. నా భర్త కౌంటరు దగ్గర కూర్చుని సంచి మూతి కుడుతున్నాడు. నేను నడవలో, తలుపు చాటున నిలబడ్డాను. యూనిఫాం మనిషి కోసం చూస్తున్నాను.

ఎదురుగా కాకా స్టూలు బోర్లా పడింది.

వచ్చిన మనిషికి యూనిఫాం లేదు. చారల చొక్కా, చేతిలో హెల్మెట్, చంకలో రెగ్జిన్ బ్యాగు. ఏ పన్నుల ఆఫీసు నుంచి వచ్చాడన్నా నమ్మొచ్చు. మెట్టెక్కి నేరుగా నా భర్త వైపు చూసి నవ్వాడు.

"ఏం గుమస్తా, ఇయ్యాలన్న ఉన్నడా మీ శ్రీలంక ఆయన?"

నా భర్త తలెత్తాడు. బ్యాగు చూశాడు, ఎదురుగా స్టూలు చూశాడు. చేతిలో పని ఆపకుండా, ఎన్నేళ్ళనుంచో చెబుతున్నట్టు అనేశాడు. "లేడు సార్, ఊరికి పోయిండు. ఎప్పుడత్తడో..."

అప్పుడు నన్ను చూశాడు. మాట సగంలో ఆగిపోయింది. నాలుక కరుచుకున్నాడు. దబ్బనం గుచ్చుకుందో ఏమో, చెయ్యి విదిలించుకున్నాడు.

నాకు మొత్తం అర్థమైంది. నేను ఇన్నాళ్ళు వెతికిన మనిషి ఇదిగో, ఇక్కడ కూర్చుని సంచి కుడుతున్నాడు. ఆ మొదటిసారి, బజారులో పన్నుల వాళ్ళు తిరుగుతున్నారని అందరూ చెవులు కొరుక్కుంటున్న వారంలో, స్టూలు బోర్లా పడి ఉండగా, బ్యాగు చంకలో పెట్టుకున్న మనిషి ఒకడొచ్చి అడిగితే, మా బాపు నేర్పిన జవాబు మా బాపు నేర్పినట్టే చెప్పాడు. అడిగింది తన గురించే అయినా సరే. మొదట లేడని చెప్పాలి, తర్వాత ఆలోచించాలి. అదే కదా నేర్పింది. నవ్వొచ్చింది, అరికాలి మంట నెత్తికెక్కింది, రెండూ ఒకేసారి.

"ఆయనే ఈయన సార్!" అంటూ నడవలోంచి బయటికొచ్చాను. "నా భర్త."

ఎంక్వయిరీ ఆయన నవ్వు ఆపేశాడు. బ్యాగులోంచి ఫోటో ఉన్న కాగితం తీశాడు. మస్కట్ రోజుల నాటి పాస్‌పోర్టు ఫోటో అది. నున్నగా గీసుకున్న గడ్డం, టై. ఒకసారి దాన్ని, ఒకసారి గోనె పీచు నిండిన మనిషిని చూశాడు.

"మొన్న గుమస్తానన్నడు. ఇయ్యాల మొగడంటాండ్రు. మీరు చెప్పింది నేనెట్ల నమ్మాలె? లేడన్ననాడు గూడ గింతే గట్టిగ చెప్పిండు" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టలేను. ఆయన స్థానంలో ఉంటే నేను అక్కడే బ్యాగు మూసేసేదాన్ని. గద్దె వైపు తిరిగి, "సేట్ మీరేనా? మొన్న మీరు నర్సంపేట పోయిండ్రట" అన్నాడు.

బాపు నీళ్ళు నమిలాడు. ఆయన జీవితంలో ఒక ఆఫీసరు ముందు ఉన్నానని ఒప్పుకుని కూర్చోవడం అదే మొదటిసారి. "పోలే సార్" అన్నాడు చివరికి. "ఈడనే ఉన్న. గట్ల చెప్పమని నేనే నేర్పిన. తప్పు పిల్లగానిది కాదు. ఆయన మా బిడ్డ పెనిమిటి. ఈడనే ఉంటడు, ఈడనే తింటడు."

ఎంక్వయిరీ ఆయన మెట్లు దిగి ఎదురుగా వెళ్ళాడు. కాకాను అడిగాడు. కాకా నోరు దాని పాటికి అది "నాకు తెల్వది" అనేసింది. నేను ఇవతలి నుంచే "కాకా!" అని ఒక్క కేక పెట్టాను. బజారంతా ఇటు తిరిగింది. కాకా నన్ను చూడలేదు, బాపును చూశాడు. బాపు తలూపాడు.

కాకా వంగి, బోర్లా ఉన్న స్టూలును తిరగేసి, దాని మీద కూర్చున్నాడు. కూర్చున్నాక ఇక ఆయన నోటికి అడ్డు లేదు. "పొద్దుగాల నల్లా అచ్చుడుతోనే ముందుగాల బిందె పెట్టేది గాయననే సార్. నా మోకాలు నొప్పికి వాళ్ళ దేశం నూనె తెచ్చిచ్చిండు. మా మనుమరాలి పెండ్లిల పప్పు వడ్డించిండు, అందర్ని అడిగి అడిగి పెట్టిండు. వాళ్ళమ్మకు పాణం బాగలేదని తెల్సిన్నాడు మా ఇంటోళ్ళంతా ఏడ్సిండ్రు. గాయన తెల్వకపోవుడేంది!" పక్క దుకాణం వాళ్ళు కూడా మెట్లు దిగారు. తెల్వదన్న నోళ్ళన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఇప్పుడు వాళ్ళను ఆపడం ఎంక్వయిరీ ఆయనకు కష్టమైంది.

ఆయన తిరిగొచ్చి బల్ల మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ తనలో తనే నవ్వుకున్నాడు. "చాన ఏండ్ల సంది ఈ బజార్ల తిరుగుతాన. ఊరికి పోయిండని గింత సాఫ్‌గ చెప్పుడు ఈ బజారోళ్ళకు తప్ప బయటోళ్ళకు రాదు. గిది మీ ఫోటోల కంటె గట్టి సాక్ష్యం" అన్నాడు. ఖిలా వరంగల్ ఫోటోల సంగతి ఈయనదాకా కూడా వచ్చిందన్నమాట. బాపు సంతకం పెట్టాడు. కాకా సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం నేనే మిద్దె మీదికి వెళ్ళాను. అతను వాళ్ళ అమ్మతో మాట్లాడి ఫోన్ పెట్టేసేదాకా ఆగాను.

"నువ్వే అలా చెప్పి రాయించావనుకున్నాను" అన్నాను.

"నేనే గదా చెప్పింది" అన్నాడు.

ఇద్దరికీ నవ్వొచ్చింది. కాని అది ఎక్కువసేపు నిలవలేదు. సూట్‌కేసు గురించి అడిగాను. అతను గోడ మీద గోటితో గీస్తూ చెప్పాడు. "రిపోర్టు మంచిగ రాలేదని చెప్పినప్పుడు నీ ముఖం నాకు తెలువని మనిషి ముఖంలెక్క ఉండె. మీ ఇంటోళ్ళు వద్దన్నరేమో, నువ్వు గూడ సరేనన్నవేమో అనుకున్న. పొమ్మంటే, నీ ముందట కూసుండి బట్టలు సర్దుకునుడు నాతోని కాదు. అందుకే ముందుగాలనే సర్ది పెట్టుకున్న."

అతను కూడా నన్ను అనుమానించాడు. అంతగా మా ఇంటి మనిషైపోయాడు. అతని చెయ్యి పట్టుకున్నాను. కింద నుంచి అన్నానికి పిలిచేదాకా అలాగే ఉన్నాం. మర్నాడు సూట్‌కేసు అటకెక్కింది. తమ్ముడికి ఫోన్ చేసి మాట్లాడాను. వాడు కాసేపు బిగదీసుకున్నాడు, తర్వాత బావకు ఫోన్ ఇమ్మని అడిగి మరీ మాట్లాడాడు.

పర్మిట్ వచ్చింది. మెయిల్లో వస్తే ప్రింటు తీయించి బాపుకు చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇగో, దీన్ని జర బీరువల పెట్టు" అన్నాడు. ఆ ఇగో మళ్ళీ నా భర్త వైపే.

నేను సంతోషించాల్సిన రోజున కూడా నా బుద్ధి ఊరుకోలేదు. ఆ రోజు ఎంక్వయిరీ ఆయన ముందు బాపు చెప్పిన మాటలు ఒక్కొక్కటే మళ్ళీ గుర్తు చేసుకున్నాను. బిడ్డ పెనిమిటి అన్నాడు. పిల్లగాడు అన్నాడు. అంత అవసరంలో కూడా ఆ ఒక్క మాట మింగేశాడు. పైగా ఆ చెప్పింది ఒక ఆఫీసరుకు. మా బాపు ఆఫీసరుకు చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలో కూతురిగా నాకు తెలియదా?

మిర్చి సీజను మొదలైంది. ఆ ఉదయం నాకు ల్యాబులో మధ్యాహ్నం డ్యూటీ. నడవలో నిలబడి జడ వేసుకుంటున్నాను. దుకాణం నిండా కొత్త సంచుల బేళ్ళు. ఎదురుగా స్టూలు బోర్లా పడింది. బాపు చప్పుడు చేయకుండా లేచి బేళ్ళ వెనక్కి వెళ్ళి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను నిలబడిన చోటు నుంచి నాకు కనబడుతున్నాడు.

బ్యాగు మనిషి మెట్టెక్కాడు. ఈసారి నిజంగానే పన్నుల ఆఫీసు నుంచి. "సేట్ ఉన్నడా?"

"లేడు సార్" అన్నాడు నా భర్త, సంచులు కుట్టే సుతిలి దారం తెంపుతూ. "నర్సంపేట పోయిండు. ఎప్పుడత్తడో తెల్వది."

"నువ్వెవరు? గుమస్తవా?"

ఎంక్వయిరీ నాటి సంగతి గుర్తొచ్చిందేమో, నా భర్త నోరు తెరిచి ఆగిపోయాడు. నా చెయ్యి జడ మీదే ఉండిపోయింది. బ్యాగు మనిషి అనుమానంగా చూశాడు. "ఏందయ్యా, నువ్వెవరో నీకు తెల్వదా? గుమస్తవేనా?"

బేళ్ళ వెనక నుంచి, నర్సంపేట పోయిన మా బాపు గొంతు గట్టిగా వినిపించింది.

"గుమస్తా కాదు సార్. మా అల్లుడు."